గడ్డ లేని క్యాన్సర్

రొమ్ము క్యాన్సర్ అనగానే మనకి చెప్పేది ఒక్కటే: తడిమి చూసుకోండి, గడ్డ తగిలితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి అని. కానీ చాలాసార్లు గడ్డే లేకుండా వచ్చే రకం ఒకటుంది. దాని పేరు ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ క్యాన్సర్. అమెరికా లెక్కల్లో మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇది నూటికి 5కి మించదు. క్యాన్సర్ కణాలు చర్మంలోని లింఫు నాళాలకి అడ్డుపడటంతో కొన్ని వారాల్లోనే రొమ్ము ఎర్రబడి, వాచి, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడుతుంది.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనక నా దృష్టి ముందు పేర్ల మీదికి పోతుంది. రొమ్ము మీద ఊదారంగు, నొప్పి కలిసి కనిపిస్తే అది చెడు సూచన అని చార్లెస్ బెల్ అనే సర్జన్ 1814లోనే రాశాడు. 1924లో లీ, టానెన్‌బామ్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని ‘ఇన్‌ఫ్లమేటరీ’ అన్నారు. మంట, వాపు అని ఆ మాటకి అర్థం. చీము పట్టిన రొమ్ముకీ ఉండేవి అవే లక్షణాలు. పొరబడటానికి ఆ పేరులోనే చోటుంది.

ఆ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. 2004లో వన్ టౌన్‌లో ఉండే మా మేనత్తకి ఇలాగే అయితే, పాలు గడ్డకట్టాయన్నారు. చంటిది పాలు మానేసి అప్పటికి ఏడాది. మల్లెపూలు కట్టారు, యాంటీబయోటిక్స్ మార్చి మార్చి వాడారు. “ఇది పాలనొప్పి కాదు, నాకు తెలుసు” అని ఆమె చెబుతూనే ఉంది. ఇద్దరికి పాలిచ్చిన మనిషి మాటని ఎవరూ లెక్కచెయ్యలేదు. బయాప్సీకి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది.

శస్త్రచికిత్స ఒక్కటే దిక్కయిన రోజుల్లో ఈ జబ్బుతో ఐదేళ్లు బతికినవాళ్లు నూటికి 5 మంది కూడా లేరు. 1970ల నుంచి వరస మార్చారు: ముందు కీమోథెరపీ, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్. ఇప్పుడు అమెరికాలో నూటికి దాదాపు 40 మంది ఐదేళ్లు దాటుతున్నారు. ఎవరు ఎక్కువకాలం బతుకుతారన్నదానికి వైద్యులు చూసేవి ఇవీ: చంకలోని గ్రంథులకి ఎంత పాకింది, దూరపు అవయవాలకి చేరిందా, హార్మోన్ గ్రాహకాలున్నాయా, హెర్2 ఉందా, కీమోతో క్యాన్సర్ పూర్తిగా కరిగిందా. ఒకప్పుడు హెర్2 ఉండటం చెడు సూచన. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్‌కి అనుమతి వచ్చాక అదే మందుకి దారి అయింది. ఇవేవీ లేని ట్రిపుల్ నెగటివ్ స్త్రీలకే ఇప్పటికీ ఎక్కువ కష్టం.

ఈ జాబితాలోకి ఎక్కనిది ఒకటుంది. ఆడమనిషి ‘నాకేదో తేడాగా ఉంది’ అన్న రోజుకీ, ఆ మాట నమ్మి పరీక్ష చేసిన రోజుకీ మధ్య పోయిన కాలం. కణం స్వభావాన్ని మనం మార్చలేం, ఈ కాలాన్ని తగ్గించగలం. యాంటీబయోటిక్ వాడాక వారం పదిరోజుల్లో ఎరుపు పోకపోతే, గడ్డ లేకపోయినా, మామోగ్రామ్ బాగానే ఉందన్నా, పాలిచ్చే తల్లయినా సరే, బయాప్సీ చెయ్యమని అడగాలి.