అయ్యంకి వెంకటరమణయ్యగారు – గ్రంథాలయోద్యమము

1890లో గోదావరి సీమలోని కొంకుదురున జన్మించి 1979లో పరమపదించిన అయ్యంకి వెంకటరమణయ్యగారి జీవితము మన గ్రంథాలయముల చరిత్రతో పెనవేసికొన్నది.

ఆయన బాల్యమున పల్లెలలో పుస్తకము కొలదిమంది యిండ్లలోని సొత్తు. 1907లో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటింపగా వందేమాతరోద్యమము యువకులను మేల్కొలిపెను. ప్రజలలో జ్ఞానము వ్యాపింపనిదే దేశము బాగుపడదను విశ్వాసము ప్రబలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. దానికి వెంకటరమణయ్యగారే ప్రాణము. 'గ్రంథాలయ సర్వస్వము' పత్రికను నడపిరి. 1919 నవంబరు 14న మదరాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరుగుటకు కారకులైరి.

నాటి పల్లె గ్రంథాలయములకు చందాలును, పుస్తకదానములును ఆధారములు. పిమ్మట 1948లో మదరాసు రాష్ట్రమునను, 1960లో ఆంధ్రప్రదేశమునను శాసనములు వెలువడి, గ్రంథాలయపు పన్ను ఏర్పడినది. ఆ మార్పును ఆయన కన్నులార చూచిరి. 1972లో పద్మశ్రీ బిరుదము నందుకొనిరి.

శాసనము ధనమును సమకూర్పగలదు. చదువరిని మాత్రము తేజాలదు. ఆ పని నాడు ఊరివారే చేసిరి, నేడును ఊరివారే చేయవలెను. ఈ రజతోత్సవ సమయమున చందాదారు లొక్కొక్కరు ఒక్కొక్క క్రొత్త పాఠకుని తోడి తెచ్చినచో, అదియే ఆ మహనీయునకు తగిన స్మారకము.