డిపెండెంట్ అనిపించుకోవడానికి పడ్డ పాట్లు

కొంచెం పెద్ద పోస్టు. మన వీసాల కథే, ఓపిగ్గా చదవండి.

శాంటా క్లారాలో ఎల్ కమీనో రోడ్డు పక్కన అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. 2011లో నా పెళ్లయింది. పెళ్లి సర్టిఫికెట్, ఫొటోలు పట్టుకుని స్టాంపింగ్‌కి వెళ్తే మా ఆవిడకి హెచ్-4 వచ్చేసింది. మా రూమ్మేట్, గుంటూరు వాడు, ఏ సంబంధం వచ్చినా వద్దనేవాడు. "పెళ్లెప్పుడురా" అని ఏడిపించేవాళ్లం. ఒక రాత్రి చెప్పాడు. హైదరాబాద్‌లో తన మనిషి ఉన్నాడట, మగవాడే, ఆరేళ్లుగా కలిసున్నారట. "నీకైతే ఫారం ఉందిరా, నాకు అదీ లేదు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని పాత చట్టాలు చదివాను. మన ఆసియా వాళ్లకి అమెరికా తలుపు బాగా తెరిచింది 1965 చట్టం. అదే చట్టం "లైంగిక వక్రత" అనే మాట రాసి, స్వలింగ సంపర్కులు దేశంలోకి రాకూడదంది. 1967లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధం సరైనదే అంది. అది అమల్లో ఉండగానే 1986లో ఇక్కడి బే ఏరియాలో అరవింద్ కుమార్, సువీర్ దాస్ కలిసి దక్షిణాసియా వాళ్ల కోసం ట్రైకోన్ అనే సంఘం పెట్టారు. పేరు బయటపెట్టి అలా నిలబడటానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

నిషేధం తీసేసింది 1990 ఇమ్మిగ్రేషన్ చట్టం. మన హెచ్-1బికి ఏడాదికి 65,000 అనే లెక్క పెట్టింది కూడా అదే. అంటే మా వాడూ నేనూ ఒకే చట్టం పుణ్యాన వచ్చాం. కానీ 1996లో ఇంకో చట్టం, ఫెడరల్ లెక్కల్లో పెళ్లంటే ఆడ, మగ మధ్యే అంది. దాంతో వాళ్లకి హెచ్-4 దారి మూసుకుపోయింది. 2013 జూన్ 26న సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేశాకే అది తెరుచుకుంది.

అయినా మెలిక ఉంది. పెళ్లి జరిగిన చోట అది చెల్లాలి. మన దేశంలో చెల్లదు. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న మన సుప్రీంకోర్టు, అది పార్లమెంటు తేల్చాల్సిన విషయం అంది. మనలాగా ఊరెళ్లి, మూడు వారాల సెలవులో పెళ్లి చేసుకుని, జంటగా తిరిగి రావడం వాళ్లకి ఇప్పటికీ కుదరదు.

మా వాడి మనిషి లోను తీసుకుని ఎమ్మెస్‌కి వచ్చాడు. 2014లో శాన్ హోసేలోని కౌంటీ ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. సాక్షి సంతకం నాదే. తర్వాత హెచ్-4కి మారాడు. డిపెండెంట్ అనే మాటంటే మా ఆవిడకి ఒళ్లు మంట. ఆ మాట కాగితం మీద చూసి వాడు ఏడ్చేశాడు.

గుంటూరులో అమ్మ మాత్రం ఇప్పటికీ ఫోన్లో "నీ రూమ్మేట్ బాగున్నాడా నాన్నా" అనే అడుగుతుంది.

మీ టీమ్‌లోనో, మీ కాంప్లెక్స్‌లోనో ఇలాంటి వాడు ఉండే ఉంటాడు. ఈసారి ఉగాదికి అందరినీ పిలిచేటప్పుడు, వాడికీ "ఇద్దరూ రండి" అని చెప్పండి.