ఇంటిపేరుకు గడి లేదు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ చాయ్ బండి దగ్గర నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "ఎంతైనా మనమూ కూలీలమే బాస్, కాకపోతే ఏసీ కూలీలం." పంజగుట్టలో ఉంటూ పదేళ్లుగా కోడ్ రాసుకుని బతుకుతున్న నాకు ఆ మాట మింగుడుపడదు. మారిషస్ చరిత్ర చదివాక మరీ.

ఆ దీవికి ఆదివాసులు లేరు. 1598లో డచ్చివాళ్లు దిగేసరికి అక్కడున్నది డోడో పక్షులే. తమ యువరాజు మారిస్ పేరు పెట్టి, 1638లో మకాం వేసి, జావా నుంచి చెరకు తెచ్చి, ఎబొనీ చెట్లు నరుక్కుని 1710లో వెళ్లిపోయారు. డోడోలు వాళ్లకంటే ముందే పోయాయి. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చి మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా బానిసల చేత తోటలు వేయించారు. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం ముట్టింది. బానిసలకు కాదు, యజమానులకు!

అప్పటికే, 1834 నవంబరులో, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను దించింది. తర్వాత మన తీరం వంతు. 1832-33 నందన కరువు ఊళ్లను తినేసింది. గోదావరి ఆనకట్ట 1852కి గానీ పూర్తి కాలేదు. 1839 నవంబరు ఉప్పెన యానాం దగ్గరి కోరంగి రేవునే ముంచేసింది. ఆ రేవు పేరు మాత్రం బతికింది: మారిషస్‌లో తెలుగువాళ్లు 'కొరింగీలు'. బర్మాలోనూ అంతే.

మొదట్లో ఒప్పందం ఐదేళ్లు, మగవాడి జీతం నెలకు 5 రూపాయలు, పైన తిండిగింజలు. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోత. దాని పేరు 'డబుల్ కట్'. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం తీరిపోయినవాడు కూడా ఫొటో అంటించిన టికెట్ లేకుండా రోడ్డు మీద కనిపిస్తే పోలీసులు పట్టుకెళ్లొచ్చు. మన లాస్ ఆఫ్ పే, ఐడీ కార్డు ఎక్కడ, ఇదెక్కడ?

నన్ను పట్టుకున్నది మాత్రం రిజిస్టర్లు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మనిషికో నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు. డేటాబేస్ పనిచేసేవాడిగా చెప్తున్నా, ఏ గడులు పెట్టాలో ఎవడు తేలుస్తాడో వాడిదే చరిత్ర. కులానికి గడి ఉంది, ఇంటిపేరుకు లేదు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన ఒంటిపేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. మన అప్పడు అక్కడ 'అప్పాడూ' కుటుంబం. ఆర్థికమంత్రిగా చేసిన విష్ణు లచ్మీనరైడూ పేరులో రెండో సగాన్ని కాస్త నెమ్మదిగా చదవండి, తెలుగు నోటికి ఇట్టే దొరుకుతుంది.

ఇంటిపేరు మనకు కులం గుట్టు విప్పే తాళంచెవి కూడా, కాబట్టి అది పోవడం మేలే అనేవాళ్లున్నారు. ఆ వాదన నాకు నచ్చేదే, కానీ ఇక్కడ కుదరదు: కులం కాగితం మీద పదిలంగానే ఉంది. పోయింది దాయాదులను వెతుక్కునే దారి. మిగిలింది ఊరి పేరొక్కటే, అదీ ఇంగ్లీషు స్పెల్లింగులో సగం విరిగి.

1947లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. ఆ రిజిస్టర్ల నకళ్లు తీయించుకుని తాతల ఊరు వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. విశాఖ, గోదావరి జిల్లాల మ్యాపులు పరుచుకుని, స్పెల్లింగుని పైకి చదువుకుంటూ, ఏ ఊరికి దగ్గరగా వినబడుతోందో చూసుకుంటూ.