ముసుగు అంచు

మేము మెదక్ డయాసిస్ గుడికి పోయే మాదిగోళ్లం. మా అక్క పెండ్లి 1992లో అయింది. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీల సీసాలకు లేబుళ్లు అతికించి కూడబెట్టిన పైసలతో తన పెండ్లిబట్టలు తనే కొనుక్కుంది. తెల్లచీర కుదిరింది, నెట్ ముసుగూ కుదిరింది. ముసుగు అంచు కాడ మాత్రం ఇంట్ల రెండు రోజులు పంచాయితీ.

"అంచు లేకుంటే దోమతెర లెక్కుంటది. లేసు కుట్టియ్యాలె" అన్నది అమ్మ. తన పెండ్లికి ముసుగు లేదు, చీరకొంగే నెత్తిన కప్పుకుంది. అక్కేమో రిబ్బను చాలన్నది. దర్జీ పీకో చేస్తనన్నడు.

మా తాత చెప్పులు కుట్టేటోడు. ఆరె పట్టిన వేళ్లతో నెట్టును గుంజి చూసిండు. "నూలుగుడ్డకు అంచు మలవకుంటే పోగులు ఊడ్తయి. దీనికి ఊడయి. ఉత్తగ కోసినా ఆగుతది. రిబ్బను కుడితే యాడ ముగిస్తే ఆడ గీత కొట్టినట్టు కనబడ్తది" అన్నడు. చివరికి ముఖం చుట్టూ సన్న లేసు, వెనుక ఉత్త కోత అని తీర్మానమైంది.

సంగారెడ్డి బజారుకు పోయినం. అమ్మ లేసునూ నెట్టునూ ఎండలకు తెచ్చి చూసింది. ట్యూబులైటు కింద రెండూ తెలుపే. ఎండల ఒకటి పాలతెలుపు, ఇంకోటి నీలిమందు తెలుపు. నర్సాపురం చేతి లేసు అడిగితే దుకాణమాయన మా వాడ పేరు అడిగి, "మీకెందుకమ్మా అది? మిషను లేసు తీస్కపోండ్రి" అన్నడు. అమ్మ ఏమీ అనలేదు. మూడు మీటర్లు కొలిపించి, పైసలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.

ఆ "మీకెందుకు"కు జవాబు నాకు చాలా ఏండ్లకు దొరికింది. నర్సాపురం లేసు స్త్రీల మీద జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి ప్రాంతంలో ఈ అల్లిక నేర్పినప్పుడు, దాన్ని మొదట పట్టుకున్నవి క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగ ఆడవాళ్ల చేతులు. తర్వాత వ్యాపారం షావుకార్ల చేతికి పోయింది. పని కాపు ఆడవాళ్ల ఇండ్లకూ పాకింది. పొద్దంతా అల్లేవాళ్లను పనివాళ్లు అనలేదు, తీరిక దొరికిన గృహిణులు అన్నారు. ఆ పేరు పెట్టే కూలి తక్కువ ఇచ్చారని మీస్ చెప్పింది. లేసు విదేశాలకు పోయింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. గుర్తింపు ఊరికి వచ్చింది. మొదటి చేతులను ఎవరు యాది చేస్తరు? మేం కొనబోయింది మా ఆడోళ్లు అల్లిన విద్యనే. అది తెలియకనే అమ్మ ఆనాడు తల వంచుకుని పైసలు లెక్కపెట్టింది.

అక్క నక్కవాగు పక్క ఊరికి కోడలైంది. ఆ వాగుల కలిసే ఫ్యాక్టరీల నీళ్ల మీద 1990లోనే సుప్రీంకోర్టుల కేసు పడింది. ఆ ఊరి బోరు నీళ్లల్ల ఉతికితే ముసుగు ఒక్క ఉతుకుకే పసుపుబారింది. కానీ తాత చెప్పినట్టు కోసిన అంచు చిరగలేదు. లేసు కుట్టూ ఊడలేదు.

అక్క బిడ్డ పెండ్లికి ఆ లేసునే విప్పి దాచినం. ఈసారి లేసును ఎండలో పట్టుకొని, దాని రంగుకు సరిపడే నెట్టు కోసం వెతికినం.