పగిలిన జాడీ, బాదుషాహీ గోడ

మా మాదాపూర్ ఫ్లాట్లలో ఎక్కడ చూసినా ఒకే అచ్చులో దిగిన టైల్సే. చేత్తో చేసినవి చూడాలంటే పాతబస్తీలోని బాదుషాహీ ఆషుర్‌ఖానాకు వెళ్ళాలండీ. 1594లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించారు. గోడల మీద టైల్స్ పని 1611 నాటిది.

అది ఇరాన్ పద్ధతి. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ఆకులుగా, పువ్వులుగా, పీర్ల ఆకారంగా చెక్కి, సందు కనపడకుండా పేరుస్తారు. మనం పాత చీరల ముక్కలతో బొంత కుట్టమూ, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ ముక్క మట్టిది, సూది ఉలి!

1908 మూసీ వరదకు కింది భాగం దెబ్బతింది. తర్వాత అక్కడ టైల్స్‌కు బదులు రంగులతో బొమ్మలు వేశారు. పైన గాజులా మెరుపు, కింద వట్టి పూత. ఆ గీత దగ్గరే నాకు మనసు చివుక్కుమంటుంది.

పగిలినవాటితోనే చండీగఢ్‌లో నేక్‌చంద్ రాక్ గార్డెన్ కట్టారు. కప్పులు, గాజులు, ఏదీ వదల్లేదు.

మా అత్తయ్యగారి ఆవకాయ జాడీ పగిలినప్పుడు నేనూ పారేయలేదు. గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టి, పాత పీట మీద జిగురుతో పేర్చి, సందుల్లో తెల్ల సిమెంటు నింపాను. బాల్కనీలో తులసి కుండీ దాని మీదే పెట్టాను. జాడీ తెచ్చిన సంత పేరు అత్తయ్య ఇంకా చెబుతూనే ఉన్నారు.