మన పేరు మోసిన తుపాకులు

1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన సిపాయిలను ఆ నగరవాసులు 'తిలంగాలు' అని పిలిచేవారు. నిజానికి వారిలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతాలవారు. తెలుగు ముక్క ఒక్కటీ ఎరగనివారికి ఆ పేరెలా అంటింది? అంతకు సుమారు నూరేళ్ళ ముందు, 1756లో క్లైవు మద్రాసు నుండి బెంగాలుకు తీసుకువెళ్ళిన సిపాయిలలో తెలుగు దేశపువారు ఉన్నారు. దానితో కుంపిణీ ఉడుపు తొడిగి తుపాకి పట్టినవాడు ఎవడైనా అక్కడివారికి తిలంగాయే అయ్యాడు. మనుషులు మారినా పేరు నిలిచింది. మనం తెలుగువాళ్ళమని చెప్పుకోవలసివచ్చే ఈ వేలూరు సీమలో ఉంటూ ఈ సంగతి తెలుసుకున్నప్పుడు, ఆ తుపాకి ఎలాంటిదో తెలుసుకోవాలనే కుతూహలం నాకు కలిగింది. నేను బి.కాం. చదివి, బ్యాంకులో జమాఖర్చులు చూసుకునేవాణ్ణి. చరిత్రను కూడా ఖాతా పుస్తకంలాగే చదువుతాను: ఏది ఎంత, ఎక్కడినుండి వచ్చింది, చివరికి ఎక్కడ తేలింది అని.

ఆ తుపాకిని మూతివైపునుండి నింపాలి. సిపాయి కాగితపు తూటాను పళ్ళతో కొరికి, కొద్దిగా మందు పక్కనున్న చిన్న పళ్ళెంలో రంజకంగా పోసేవాడు. మిగిలినది గొట్టంలో పోసి, సీసపు గుండు, కాగితం వేసి, గజంతో దట్టించేవాడు. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కును గీసి నిప్పురవ్వ పుట్టించేది. రంజకం అంటుకుని, సన్నని బెజ్జంగుండా నిప్పు లోపలికి పోయేది. బాగా తర్ఫీదు పొందినవాడు నిమిషానికి రెండు మూడుసార్లు కాల్చగలడు. కుంపిణీ వాడిన 'బ్రౌన్ బెస్' గొట్టం లోపలి వెడల్పు ముప్పావు అంగుళం. గుండు అంతకంటె కాస్త చిన్నది. లేకపోతే మసి పట్టిన గొట్టంలోకి దిగదు. అందువల్ల నూరు గజాలు దాటితే గురి దైవాధీనమే. వాన పడితే అదీ లేదు. దానికి ముందు మన పాలెగాళ్ళ బంట్లు వాడిన జామగి తుపాకికి వెలుగుతున్న వత్తి చేతిలోనే ఉండాలి.

ఈ ఆయుధం మన ప్రాంతపు చరిత్రను రెండుసార్లు మలుపు తిప్పింది. గుడియాత్తానికి దగ్గరలోనే ఉన్న ఆంబూరు వద్ద 1749 ఆగస్టు 3న యుద్ధం జరిగింది. ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ వృద్ధాప్యంలో ఏనుగెక్కి పోరాడుతూ తుపాకి గుండు తగిలి మరణించాడు. క్రమశిక్షణతో వరుసకట్టి కాల్చే కొద్దిమంది ముందు ఏనుగూ అంబారీ నిలవవని దక్షిణదేశం ఆనాడు చూసింది.

రెండవది అందరూ ఎరిగిన వేలూరు తిరుగుబాటు. నుదుటి నామాలు, విభూతి తీసేయాలనీ, గడ్డాలు గొరిగించుకోవాలనీ, తోలు ముక్క కుట్టిన కొత్త తలపాగా పెట్టుకోవాలనీ పై అధికారులు ఉత్తరువులిచ్చారు. కాదన్నవారికి కొరడా దెబ్బలు పడ్డాయి. 1806 జూలై 10న, ఇంకా తెల్లవారకముందే, కోటలోని సుమారు 1,500 మంది సిపాయిలలో తిరగబడినవారు 69వ తెల్ల పటాలం పడుకున్న బారకులపై కాల్పులు మొదలుపెట్టారు. వందమందికి పైగా తెల్లవారు చనిపోయారు. మిగిలినవారు కోటగోడ పైకి చేరారుగాని, వారి దగ్గర మందుగుండు అయిపోయింది. ఆర్కాటు నుండి గుర్రాలమీద వచ్చిన గిలెస్పీ తాడు పట్టుకుని గోడపైకి ఎక్కాడు. కాల్చడానికి తూటాలు లేవు గనుక సంగీనులతోనే వారిని ముందుకు నడిపించాడు. తరువాత ఫిరంగులు వచ్చి తలుపులు బద్దలుకొట్టాయి. ఆపైన జరిగిన ప్రతీకారంలో సిపాయిలు వందల సంఖ్యలో హతులయ్యారు. ఒక్క రోజు కూడా పూర్తిగా నిలవని ఈ తిరుగుబాటుకు రెండువందల ఏళ్ళు నిండినప్పుడు, 2006లో, తపాలా శాఖ బిళ్ళ వేసింది.

ఆ మరుసటి ఏడాదే, 1807లో, ఫోర్సైత్ అనే స్కాట్లండు పాదిరి చెకుముకి రాయి అక్కరలేకుండా దెబ్బకు పేలే రసాయనంతో తుపాకి పేల్చే పద్ధతికి పేటెంటు పొందాడు. దానినుండే క్రమంగా చిన్న రాగి టోపీలు వచ్చాయి. తరువాత వచ్చిన ఎన్‌ఫీల్డు తుపాకి తూటాకు పూసిన కొవ్వే 1857 అగ్గికి కారణమైంది. తలపాగా మీది తోలు, తూటా మీది కొవ్వు: రెండుచోట్లా మనిషి నమ్మకాన్ని లెక్కలో రాసుకోకపోవడమే కనిపిస్తుంది.

తరువాత ప్రభుత్వం ప్రజల చేతుల్లోంచి ఆయుధాలు లాగేసింది. 1878 ఆయుధ చట్టంతో లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోవడం నేరమైంది. కొడగు ప్రజలకు మాత్రం 1861 నుండీ మినహాయింపు ఉంది. వారు నేటికీ కైల్ పొళ్దు పండుగనాడు తుపాకులకు పూలుపెట్టి పూజిస్తారు. మనకు మిగిలినది నాటు తుపాకి. స్వతంత్ర భారతం చేసిన 1959 చట్టం 13వ సెక్షనులో, పంట కాపలాకోసం మూతివైపు నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా రాసి ఉంది. సామ్రాజ్యాలను నిలబెట్టిన ఆయుధం చివరికి వేరుసెనగ చేలో కావలికి వచ్చి చేరిందన్నమాట.

గుడియాత్తంలో పనిచేసిన రోజుల్లో పంట రుణాల తనిఖీకి పలమనేరు దారిలోని పల్లెలకు వెళ్ళేవాణ్ణి. అటు కౌండిన్య అడవి. ఏనుగులు, పందులు చేలమీద పడతాయి. అక్కడొక తెలుగు రైతు తన తాతనాటి తుపాకి చూపించి, "కాల్చేదానికి కాదు సార్, సద్దు చేసేదానికి. గుండు వెయ్యం, మందు మాత్రమే" అన్నాడు. అతనన్నది న్యాయమే. పంటకు లైసెన్సున్నా, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి జంతువును చంపరాదు. అతను గజం, రంజకం, జామగి అనే మాటలు పలుకుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. అతని కొడుకు తమిళ బడిలో చదివినవాడు. ఆ మాటలు అతనికి రావు. మా బ్యాంకు కాపలాదారు తుపాకిని వెనుకవైపు మడిచి తూటా పెడతాడు గనుక అతనికీ వాటి అవసరం లేదు.

విదేశాలలో ఈ తుపాకులు ఇప్పటికీ మోగుతున్నాయి. అమెరికాలో 1933లో, బ్రిటనులో 1952లో వీటి అభిమానుల సంఘాలు ఏర్పడ్డాయి. 1971 నుండి ఒక అంతర్జాతీయ సంఘమే పోటీలు నడుపుతోంది. అసలైనవి అరుదు గనుక, ఇటలీలో చేసిన నకళ్ళను కొని నల్లమందుతో గురిచూసి కాలుస్తారు. మన దేశంలోనూ బ్రౌన్ బెస్ నకళ్ళు తయారవుతాయి. వాటిని రంజకపు బెజ్జం తొలవకుండా ఎగుమతి చేస్తారు. వేలూరులో పేలిన తుపాకి నకలును ఇక్కడివారే చేసి సముద్రం దాటిస్తున్నారు. ఇక్కడి ఇళ్ళలోని అసలు తుపాకులు మాత్రం అటకలమీద తుప్పుపడుతున్నాయి.

అలాంటిది మీ ఇంట్లో ఉంటే మూడు సంగతులు మనవి చేస్తాను. మొదటిది, సరదాకైనా పేల్చకండి. పాత గొట్టం పగలవచ్చు. ఎప్పుడో నింపిన మందు లోపలే ఉండిపోవడమూ కద్దు. రెండవది, చట్టం. బాగుచేసినా పేలనంత పాడైన పురాతన ఆయుధానికి 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. పేలగలిగేదానికి మాత్రం లైసెన్సు తప్పదు. ఏది ఏ కోవలోకి వస్తుందో మనంతట మనం తేల్చుకోకూడదు. మూడవది, అప్పగించవలసివచ్చినా భయపడి పాత ఇనుముకు వేయకండి. ఇచ్చేముందు దాని ఫోటో తీసి, ఎవరిది, ఏ ఊరిది, పెద్దలు దాని ఒక్కొక్క భాగాన్ని ఏమని పిలిచేవారో తెలుగులో రాసిపెట్టండి.

తుపాకులు పోయినందుకు నాకు విచారం లేదు, పోవడమే మేలు. వాటిని మోసినవారి జ్ఞాపకం, మాటలు కూడా వాటితోపాటే పోవడం మాత్రం నష్టమే. గుడియాత్తం, పేర్నంబట్టు, కాట్పాడి వైపు పాఠకులు తమ ఇంటి పెద్దలను అడిగి ఆ మాటలను ఈ పత్రికకు రాసి పంపితే, వాటినన్నిటినీ ఒకచోట చేర్చే పని నేను చేస్తాను.