పొగ చెప్పిన గవాహీ

బాయిలర్ నడిపే మనిషి హునర్ ఎంతో ఒకప్పుడు చిమ్నీ చూసి తేల్చేవారు. నల్లటి పొగ వస్తే ఫైర్‌మన్‌కు చీవాట్లు. పొగ కనబడకపోతే షాబాష్. కాజీపేట రైల్వే షెడ్డులోనో, వరంగల్ ఆజంజాహీ మిల్లులోనో పనిచేసిన పెద్దలున్న ఖాందాన్‌లకు ఈ మాట కొత్త కాదు.

కాని ఈ ఫైస్లాలో ఒక పెద్ద పొరపాటుంది. నల్లటి పొగ దొంగే, ఒప్పుకుంటాం. కాని అది కనబడే దొంగ. అంతకన్నా పెద్ద దొంగ పొగ లేని చిమ్నీలోంచి, పట్టపగలు, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోవచ్చు. ఆ దొంగను పట్టుకోవడానికి ఇంజనీర్లకు దాదాపు వందేళ్ళు పట్టింది. ఈ కథ ఆ వందేళ్ళది.

ముందు కాస్త హిసాబ్ చూద్దాం. బొగ్గులో అసలు సరుకు కర్బనం. కిలో కర్బనం పూర్తిగా కాలాలంటే సుమారు పదకొండున్నర కిలోల గాలి కావాలి. పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, దాదాపు 8,084 కిలో కేలరీల వేడి వస్తుంది. గాలి చాలకపోతే సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు చేతికొచ్చేది 2,430 మాత్రమే. మిగిలిన వేడి ఆ వాయువులోనే దాగి చిమ్నీ దాటి పోతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

అందుకని ఫైర్‌మన్ ఏం చేస్తాడు? గాలి కాస్త ఎక్కువే వదులుతాడు. గాలి ముఫ్త్ కదా! పొగ తగ్గుతుంది, తిట్లు తప్పుతాయి. కాని గాలిలో ఐదింట దాదాపు నాలుగు వంతులు నైట్రోజన్. అది కాలదు, కాల్చదు. పిలవని మెహమాన్‌లా కొలిమిలోకి వచ్చి, మన బొగ్గుతో ఒళ్ళు కాచుకుని, ఆ వేడి మూటగట్టుకుని వెళ్ళిపోతుంది. అవసరానికి మించిన ఆక్సిజన్ చేసేదీ అదే.

ఎంత వేడి పోతుంది? చిమ్నీలోకి వెళ్ళే వాయువులు బయటి గాలికన్నా 200 డిగ్రీలు వేడిగా ఉన్నాయనుకుందాం. శుద్ధ కర్బనం మీద లెక్క వేస్తే, అవసరానికన్నా 17 శాతం ఎక్కువ గాలి ఇచ్చినప్పుడు వందలో ఎనిమిదిన్నర వంతుల వేడి చిమ్నీ పాలవుతుంది. గాలి రెట్టింపైతే అది 14 వంతులు దాటుతుంది. అంటే వంద బస్తాల బొగ్గులో దాదాపు ఆరు బస్తాలు వట్టి గాలిని వేడిచేయడానికే ఖర్చు. చిమ్నీ మాత్రం తెల్లగా, షరీఫ్‌గా కనబడుతుంది.

పారే నది ఒడ్డున కూర్చుని వజూ చేస్తున్నా నీళ్ళు ఇస్రాఫ్ చేయకూడదని మన ఇళ్ళలో చిన్నప్పుడే నేర్పుతారు. ముఫ్త్‌గా దొరికేది కూడా హద్దు దాటితే ఇస్రాఫే. బాయిలర్‌లో గాలి సంగతీ అంతే.

కంటికి ఆనని ఈ ఇస్రాఫ్‌ను చూసేదెలా? పొగనే అడగాలి. 1870ల దశకంలో ఫ్రాన్స్‌కు చెందిన ఓర్సా అనే ఇంజనీరు ఒక చెక్కపెట్టెలో పట్టే గాజు గొట్టాల సరంజామా తయారుచేశాడు. చిమ్నీ వాయువును 100 మిల్లీలీటర్లు కొలిచి తీసుకోవాలి. మొదటి సీసాలోని పొటాష్ ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది. ఎంత తగ్గిందో చూసి రాసుకోవాలి. రెండో సీసాలోని పైరోగాలాల్ ఆక్సిజన్‌ను పీలుస్తుంది. మూడో సీసాలోని రాగి లవణం కార్బన్ మోనాక్సైడ్‌ను పీలుస్తుంది. ముగ్గురు గవాహ్‌లు, మూడు బయాన్‌లు. చివరికి మిగిలేది దాదాపు అంతా నైట్రోజన్.

పొటాష్ ద్రావణం అంటే ఆల్కలీ. స్కూల్లో మేం ఉర్దూలో సైన్స్ చదువుకున్న రోజుల నుంచీ ఈ మాట నాకు ఇష్టం. అరబీలో అల్-ఖలీ అంటే మొక్కల్ని కాల్చితే మిగిలే బూడిద. సబ్బు, గాజు చేసేవాళ్ళు వాడిన బూడిద. మంట తాలూకు హిసాబ్ తీయడానికి యూరప్ ఇంజనీరు చేతికి వచ్చిన వస్తువు పేరులోనే మంట మిగిల్చిన బూడిద ఉంది. ఇది ఫఖ్ర్ కోసం చెప్పడం లేదు. ఆ పరికరం మనవాళ్ళు కనిపెట్టలేదు. ఇల్మ్ చేతులు మారుతూ ప్రయాణిస్తుందని, మాటలు ఆ ప్రయాణానికి రసీదులని చెప్పడానికే ఇది.

ఓర్సా పెట్టెతో ఒక ఇబ్బంది ఉండేది. ఒక్క లెక్క తీసే సరికి చాలా నిమిషాలు గడిచిపోయేవి. ఈలోగా కొలిమిలో మంట మారిపోతుంది. మనిషి నిలబడి చేయనక్కర లేకుండా, పొగను తనంతట తానే కొలిచే యంత్రం కావాలి.

1890ల దశకంలో జర్మనీలోని ఆహెన్ పట్టణంలో మాక్స్ ఆర్న్‌ట్ ఆ పని మొదలుపెట్టాడు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అయితే పొగను తూకం వేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు! అతని ఎకనోమీటర్ నిజానికి ఒక తరాజు. దానికి వేలాడే గాజు బుడ్డిలోంచి చిమ్నీ వాయువు పారుతూ ఉంటుంది. బరువు పెరిగితే ముల్లు ఒరుగుతుంది, శాతం చూపిస్తుంది.

ఇక్కడ నాకు అల్-ఖాజినీ గుర్తొస్తాడు. మర్వ్ నగరంలో సల్జూక్ సుల్తాన్ సంజర్ కాలపు ఆలిమ్. 1121 ప్రాంతంలో మీజాన్-అల్-హిక్మా, అంటే హిక్మత్ తరాజు, అనే గ్రంథం రాశాడు. నీళ్ళలో తూచి, బంగారంలో కల్తీ ఎంతుందో పట్టుకునే సూక్ష్మమైన తరాజు గురించి అందులో వివరించాడు. ఆర్న్‌ట్ అది చదివాడని నేననడం లేదు. అయితే ఇద్దరి నమ్మకం ఒకటే. కంటికి కనబడని మిలావట్‌ను తూకం పట్టిస్తుంది.

తర్వాత ఆర్న్‌ట్ ఆడోస్ అనే రికార్డర్ తెచ్చాడు. అది ఓర్సా పద్ధతినే యంత్రం చేతిలో పెట్టింది. కొన్ని నిమిషాలకోసారి తానే పొగ పీల్చుకుని, పొటాష్‌లోంచి పంపి, కార్బన్ డయాక్సైడ్ ఎంతో తిరిగే కాగితం మీద కలంతో గీత గీస్తుంది. ఫైర్‌మన్ రాత్రంతా ఎలా మంట పెట్టాడో తెల్లారేసరికి కాగితం చెబుతుంది.

ఇక్కడే కథలో ఇన్సాఫ్ ప్రశ్న వస్తుంది. కొన్ని చోట్ల ఈ రికార్డర్‌ను ఇంజనీరు గదిలో పెట్టారు. గీత పైన ఉంటే మజ్దూర్‌కు బోనస్, కింద ఉంటే మాటలు. అప్పటిదాకా తన కన్నూ చెవీ నమ్ముకుని మంటతో మాట్లాడిన కారీగర్‌కు తెలియకుండా ఒక గవాహ్ వెనకాల కూర్చుంది. అది చెప్పే గవాహీ సచ్ అయితే ఫర్వాలేదు. కాని ఒంటరి గవాహ్‌గా కార్బన్ డయాక్సైడ్ మోసం చేస్తుంది.

ఎలాగంటే, గాలి ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ శాతం పడిపోతుంది. గాలి బాగా తక్కువైనా పడిపోతుంది, ఎందుకంటే కర్బనం కొంత మోనాక్సైడ్‌గానే మిగిలిపోతుంది. అంకె ఒకటే, కారణాలు రెండు, అవీ ఒకదానికొకటి ఉల్టా. గీతను పైకి లాగాలని గాలి బిగిస్తూ పోయే ఫైర్‌మన్ బోనస్ అందుకుంటూనే, మోనాక్సైడ్ రూపంలో వేడిని పోగొట్టవచ్చు.

రెండో మోసం ఇంకా జాలిగొలిపేది. పాత బాయిలర్లకు చుట్టూ ఇటుక గోడలు. వాటిలో పగుళ్ళు పడితే బయటి గాలి లోపలికి లీకై పొగలో కలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ శాతం తగ్గుతుంది. తప్పు గోడది, గోడ బాగుచేయించని మాలిక్‌ది. ఇల్జామ్ మాత్రం ఫైర్‌మన్ మీద. అందుకే కాగితం మీద గీత చూసి మనిషిని దోషి అనకముందు, ఆ గీత ఎక్కడి పొగ చూసి గీసిందో అడగాలి.

మన షరీఅత్‌లో లావాదేవీలకు ఇద్దరు గవాహ్‌లు కావాలంటారు. బాయిలర్ ఇంజనీర్లు కూడా మెల్లగా అదే దారికి వచ్చారు.

1916లో అమెరికాలో ఎర్విన్ బెయిలీ తన మీటర్ కంపెనీ పెట్టాడు. అతని బాయిలర్ మీటర్‌లో ఒకే కాగితం మీద ఒక కలం ఆవిరి ఎంత తయారవుతోందో గీస్తుంది. ఇంకో కలం గాలి ఎంత పోతోందో గీస్తుంది. ముందే సరిచూసి పెట్టిన ఆ రెండు గీతలూ కలిసి నడిస్తే మంట దురుస్త్‌గా ఉన్నట్టు. విడిపోతే ఎటు విడిపోయాయో చూసి గాలి పెంచాలా తగ్గించాలా తెలుస్తుంది. ఇది బాయిలర్ ముందు నిలబడ్డ మనిషికి అప్పటికప్పుడు పనికొచ్చే జవాబు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో షేక్స్‌పియర్ అనే శాస్త్రవేత్త (నాటకాల ఆయన కాదు!) కాథరోమీటర్ కనిపెట్టాడు. వేడెక్కిన సన్నటి తీగ చుట్టూ ఏ వాయువు ఉంటే అది ఆ వేడిని తన దారిలో లాక్కుపోతుంది. హైడ్రోజన్ తొందరగా, కార్బన్ డయాక్సైడ్ నిదానంగా. తీగ వేడి మారితే దానిలో విద్యుత్ నిరోధం మారుతుంది. హైడ్రోజన్ లీక్‌ను పట్టడానికి చేసిన ఈ పరికరం యుద్ధం తర్వాత చిమ్నీల దగ్గరికి చేరింది. పొటాష్ సీసాలు మార్చే బాధ తప్పింది. అయినా అది చెప్పేది మళ్ళీ కార్బన్ డయాక్సైడ్ సంగతే.

అసలు అడగాల్సింది ఆక్సిజన్‌ను. మంటలో ఖర్చు కాకుండా మిగిలిన ఆక్సిజన్ ఎంతో తెలిస్తే ఎక్కువైన గాలి ఎంతో నేరుగా తెలుస్తుంది. చిమ్నీలో 3 శాతం ఆక్సిజన్ ఉంటే గాలి 17 శాతం ఎక్కువ. పదిన్నర శాతం ఉంటే గాలి రెట్టింపు. బొగ్గైనా, ఆయిల్ అయినా, గ్యాస్ అయినా ఈ హిసాబ్ పెద్దగా మారదు. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, ఇంధనం మారితే దాని పై హద్దే మారిపోతుంది.

ఆక్సిజన్‌కు ఒక అజీబ్ గుణం ఉంది. అయస్కాంతం దాన్ని లాగుతుంది, నైట్రోజన్‌ను లాగదు. 19వ శతాబ్దం మధ్యలోనే ఫారడే ఇది గమనించాడు. 1940లో అమెరికా నేవీకి సబ్‌మెరైన్‌లలో ఆక్సిజన్ ఎంతుందో చూపే మీటర్ కావాల్సి వచ్చింది. లైనస్ పౌలింగ్ ఆ గుణంతోనే, సన్నటి క్వార్ట్జ్ దారానికి చిన్న గాజు డంబెల్ వేలాడదీసి పని సాధించాడు. నీటి కింద మనుషుల ఊపిరి కోసం పుట్టిన ఆ పద్ధతి తర్వాత బాయిలర్ల ఊపిరిని కూడా చూసింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. పొగను గొట్టంలోంచి లాగి, మసి వడగట్టి, చల్లార్చి, ఆరబెట్టి పరికరం దాకా తేవాలి. గొట్టం మసితో మూసుకుపోతే గవాహ్ గొంతు మూగబోయినట్టే. ఆ చిక్కును జిర్కోనియా విప్పింది. జిర్కోనియం అనే పేరు ఫార్సీ జర్‌గూన్ నుంచి, అంటే బంగారు వన్నె అనే మాట నుంచి వచ్చిందంటారు. 1890ల చివర్లో నెర్న్‌స్ట్ తన దీపంలో ఈ పింగాణీని వాడాడు. 1957లో కియుక్కోలా, వాగ్నర్ అనే ఇద్దరు ఇలాంటి ఘన పదార్థాలతో విద్యుత్ ఘటాలు చేసి చూపించారు. 1960ల మొదట్లో వెస్టింగ్‌హౌస్‌లో దీన్ని ఆక్సిజన్ కొలిచే పరికరంగా మలిచారు.

దీని పని సులువుగా చెప్పాలంటే ఇది వేడెక్కితేనే నోరు విప్పే గవాహ్. 700 డిగ్రీలు దాటాక జిర్కోనియా గుండా ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి. గోడకు ఒకవైపు మామూలు గాలి, మరోవైపు చిమ్నీ పొగ. రెండువైపులా ఆక్సిజన్ తేడా ఎంతుంటే అంత వోల్టేజ్ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ గాలిలో ఉన్నదానికి పదో వంతైతే సుమారు 50 మిల్లీవోల్టులు. పొగను బయటికి తేనక్కర లేదు. కడ్డీని చిమ్నీ దారిలోనే నిలబెడితే, క్షణాల్లో జవాబు.

1973లో చమురు ధరలు ఆకాశాన్నంటాక ఈ లెక్కల మీద శ్రద్ధ ఒక్కసారిగా పెరిగింది. కడ్డీ చెప్పిన అంకెను బట్టి గాలి తలుపును యంత్రమే సర్దడం ఆనవాయితీ అయింది. దీన్ని ఆక్సిజన్ ట్రిమ్ అంటారు. పక్కన పరారుణ కాంతితో మోనాక్సైడ్‌ను పట్టే ఇంకో పరికరం. దాని మూలాలు 1938 నాటి జర్మనీలో ఉన్నాయి. గాలి ఎక్కువైతే ఆక్సిజన్ చెబుతుంది, తక్కువైతే మోనాక్సైడ్ చెబుతుంది. ఇద్దరు గవాహ్‌లు!

మన దేశంలో బాయిలర్ చట్టం 1923లోనే వచ్చింది. అది పేలుళ్ళ నుంచి ప్రాణాలు కాపాడే చట్టం. ఇంధనం దుబారాను పట్టించుకునే ఇంధన పొదుపు చట్టం 2001లో గాని రాలేదు. మధ్యలో దాదాపు ఎనభై ఏళ్ళు. హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం కాలంలో బొగ్గుతో నడిచిన కరెంటు కేంద్రం ఇప్పుడు లేదు. ఆజంజాహీ మిల్లు కూడా మూతపడింది. ఆ కొలిముల ముందు చెమటోడ్చిన చేతుల పేర్లు ఏ కాగితం మీదా పెద్దగా మిగల్లేదు.

పెద్ద పవర్ స్టేషన్లలో ఈ రోజు పొగ హిసాబ్ క్షణక్షణం నడుస్తూనే ఉంటుంది. కాని హోటళ్ళు, లాండ్రీలు, అద్దకం పనులు, చిన్న ఫ్యాక్టరీలలో చాలా బాయిలర్లు ఇంకా కన్ను మీదే నడుస్తున్నాయి. వాటికి పెద్ద ఖర్చూ అక్కర్లేదు. చేతిలో పట్టే చిన్న ఎనలైజర్ చిమ్నీ రంధ్రంలో పెడితే ఆక్సిజన్, మోనాక్సైడ్, వేడి నిమిషాల్లో చూపిస్తుంది. ఇది చదివేవాళ్ళలో ఎవరి కార్ఖానాలోనైనా బాయిలర్ ఉంటే ఒకసారి పొగను కొలిపించండి. చిమ్నీ తెల్లగా ఉందని బేఫికర్‌గా ఉండకండి.

ఇంకొక్క మాట. వచ్చిన అంకెను మాలిక్ గదిలో దాచకండి. మంట ముందు నిలబడ్డ మనిషికి ముందు చూపించండి, దాని మాయనా చెప్పండి. గవాహీ అనేది ఇన్సాఫ్ కోసం. జాసూసీ కోసం కాదు.